లాగదు, పైగా మోత: వ్యాక్యూమ్ క్లీనర్ మరమ్మతు డైరీ

యంత్రం: 20 లీటర్ల డ్రమ్ము, తడీ పొడీ రెండూ లాగే రకం, 1,400 వాట్లు. లాగుడు 17 కిలోపాస్కల్ అని లేబుల్ మీద ఉంది. 2019లో కొన్నాం.

దీని పూర్వ చరిత్ర తెలియకపోతే తర్వాత దొరికిన రోగాలు అర్థం కావు కాబట్టి నాలుగు ముక్కలు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు నీళ్లు విజయవాడ పాయకాపురంలో మా సందులోకి వచ్చినప్పుడు ఇది అటక మీద ఉండి బతికిపోయింది. నీళ్లు తీశాక ఫైరింజన్లు వచ్చి పైపైన బురద కడిగాయి. మంచాల కింద, బీరువాల వెనక, గచ్చు మూలల్లో మిగిలిన ఒండ్రుని మాత్రం ఇదే లాగింది. మా ఒక్క ఇంటిదే కాదు, సందులో ఏడిళ్లది. తర్వాత కడిగి, ఆరిందనుకుని అటకెక్కించాను. 2025 దసరాకి ముందు రంగులు వేయించినప్పుడు గోడలు రుద్దిన పుట్టీ పొడి కూడా దీనితోనే లాగించాం. అక్కడితో పడకేసింది. గొట్టం చివర చెయ్యి పెడితే ఊపిరి పీలుస్తున్నట్టుంది తప్ప లాగుతున్నట్టు లేదు. మోత మాత్రం పక్కింటికి వినపడుతోంది.

దశ 1 (నవంబరు 8, శనివారం): అనవసరపు కార్బన్లు

రిపేరు షాపతను స్విచ్ వేసి, రెండు సెకన్లు విని, "కార్బన్లు అయిపోయినయ్యండి. ఆర్మేచర్ కూడా చూడాలి. పద్దెనిమిది వందలవుద్ది" అన్నాడు. (ఆర్మేచర్ అంటే మోటారులో తిరిగే భాగం, కార్బన్లంటే దానికి కరెంటు అందించే బొగ్గు ముక్కలు.) మూత తీయలేదు. నేనూ తీసి చూడకుండానే నమ్మాను. కాకపోతే కూలి మిగులుతుందని కార్బన్లు మాత్రం కొనుక్కుని ఇంటికి తెచ్చాను. 180 రూపాయలు.

విప్పి కొలిస్తే పాత కార్బన్లు 24 మిల్లీమీటర్లు, కొత్తవి 32. ఆరేళ్లలో అరిగింది పావు వంతు. ఇంకా ఎన్నో ఏళ్లు వచ్చే సరుకు. అయినా డబ్బు పెట్టాం కదా అని కొత్తవే బిగించాను. లాగుడులో తేడా లేదు. పైగా కమ్యుటేటర్ (కార్బన్లు రాసుకునే రాగి చుట్టు) దగ్గర నిప్పురవ్వలు ఎక్కువయ్యాయి. కొత్త కార్బన్ ముఖం చదునుగా ఉంటుంది, కమ్యుటేటర్ ఏమో గుండ్రం. ఆ వంపుకి అరిగి కూర్చునేదాకా అంచు మాత్రమే తగులుతుంది, రవ్వలు వస్తాయి. పాతవి ఎప్పుడో ఆ వంపుకి అలవాటు పడ్డాయి. వాటినే తిరిగి పెట్టేశాను. విప్పే ముందే ఏది ఏ వైపుదో, ఏ ముఖం పైకి ఉందో స్కెచ్ పెన్నుతో గీత పెట్టుకున్నాను కాబట్టి సరిపోయింది. తారుమారుగా పెడితే పాతవి కూడా కొత్తవాటిలాగే రవ్వలు కొడతాయి.

ఇప్పటిదాకా ఖర్చు: 180. ఫలితం: సున్నా. నిజానికి అది సున్నానో, సున్నా కంటే కాస్త ఎక్కువో చెప్పడానికి నా దగ్గర కొలతే లేదు.

దశ 2 (నవంబరు 9, ఆదివారం పొద్దున): కొలిచే సరంజామా

చేత్తో చూసి "కొంచెం నయమైనట్టుంది" అనుకోవడం మానాలి. మేస్త్రీలు లెవల్ చూసుకునే పారదర్శకపు ట్యూబు 5 మీటర్లు తెచ్చాను, మీటరు 20 రూపాయలు. పీవీసీ ఎండ్ క్యాపులు రెండు, 45.

1. వ్యాక్యూమ్ గొట్టం చివర బిగుతుగా పట్టే ఎండ్ క్యాపుకి పక్కన చిన్న రంధ్రం చేసి, లెవల్ ట్యూబు దూర్చి, చుట్టూ గాలి పోకుండా అంటించాను.
2. ట్యూబు రెండో కొసని నీళ్ల టబ్బులో ముంచాను. నీళ్లలో నీలిమందు రెండు చుక్కలు. లేకపోతే ట్యూబులో మట్టం కనపడదు.
3. స్విచ్ వేస్తే నీళ్లు ట్యూబులో పైకి ఎక్కుతాయి. టబ్బులో నీటి మట్టం నుంచి పైకి ఎన్ని సెంటీమీటర్లో టేపుతో కొలవాలి. నేల నుంచి కాదు.
4. రెండో క్యాపూ ఇలాంటిదే, కానీ దాని మధ్యలో 16 మిల్లీమీటర్ల చిల్లు అదనం.

మొదటి క్యాపుతో వచ్చే అంకెను "మూత కొలత" అన్నాను. గొట్టం పూర్తిగా మూసేస్తే మోటారు ఎంత గట్టిగా లాగగలదో అది చెబుతుంది. రెండోదాన్ని "చిల్లు కొలత" అన్నాను. గాలి పారుతూ ఉన్నప్పుడు ఎంత లాగుడు మిగులుతుందో అది చెబుతుంది. ఈ రెండూ ఎందుకు వేరువేరుగా కావాలో ఆ రోజు నాకు సరిగా తెలియదు. రెండు వారాల తర్వాత తెలిసింది.

ఒక కిలోపాస్కల్ అంటే సుమారు 10.2 సెంటీమీటర్ల నీళ్లు. లేబుల్ మీది 17 అంటే 173 సెంటీమీటర్లు రావాలి.

తొలి కొలతలు, 228 వోల్టుల దగ్గర:
మూత: 58 సెం.మీ.
చిల్లు: 14 సెం.మీ.
కరెంటు, గొట్టం తెరిచి ఉంచితే: 5.2 ఆంపియర్లు
కరెంటు, గొట్టం మూస్తే: 5.0 ఆంపియర్లు

వోల్టేజీ కూడా రాసుకోండి. మా ఇంట్లో పొద్దున 228 ఉండేది రాత్రి ఏడింటికి 214కి పడుతోంది. మోటారు వేగం దానితోపాటే పడుతుంది. నిన్న రాత్రి కొలిచి ఇవాళ పొద్దున కొలిస్తే, ఏమీ చేయకుండానే బాగుపడినట్టు కనపడుతుంది. నా కొలతలన్నీ పొద్దున తొమ్మిదిలోపు తీసినవే.

కరెంటు గురించి ఒక మాట. గొట్టం మూసుకుపోతే మోటారు మీద భారం పెరుగుతుందని నేనూ అనుకునేవాణ్ని. జరిగేది దానికి తలకిందులు. ఫ్యాను చేసే పనల్లా గాలిని తొయ్యడం. గాలే రాకపోతే పని తగ్గుతుంది, వేగం పెరుగుతుంది, కూత సన్నబడుతుంది, ఆంపియర్లు పడిపోతాయి. బాగున్న యంత్రంలో గొట్టం మూయగానే కరెంటు ఒక ఆంపియర్ పైనే తగ్గాలి. నాది 0.2 తగ్గింది. అంటే నేను మూసినా గాలి ఇంకెక్కడి నుంచో లోపలికి వస్తూనే ఉంది. ఈ ఒక్క అంకె ముందే చూసి ఉంటే కార్బన్ల జోలికి వెళ్లేవాణ్ని కాదు.

ఇప్పటిదాకా ఖర్చు: 325.

దశ 3 (నవంబరు 9 నుంచి 12): మోటారుకి నీళ్లు తాగించాను

తర్వాతి ప్రశ్న: తప్పు మోటారుదా, దాని కింద ఉన్నవాటిదా? డ్రమ్ము, గొట్టం, ఫిల్టరు అన్నీ పక్కన పెట్టి మోటారు తలని ఒక్కదాన్నే కొలవాలి. తల అడుగున గాలి లోపలికి వెళ్లే భాగానికి సరిపోయే స్టీలు డబ్బా వంటింట్లో దొరికింది. అంచుకి పాత కుక్కర్ గ్యాస్కెట్ వేసి, తలని డబ్బా మీద కూర్చోబెట్టి, డబ్బా పక్కన రంధ్రంలో లెవల్ ట్యూబు పెట్టాను. (డబ్బాకి రంధ్రం చేశానని అమ్మకి ఇంకా తెలియదు.)

ఇక్కడ చేసిన తప్పు ఎవరూ చేయకండి. డబ్బాని కుర్చీ మీద పెట్టాను. టబ్బు నీటి నుంచి ట్యూబు తగిలించిన చోటుకి ఎత్తు 120 సెంటీమీటర్లు. అప్పటిదాకా చూసిన అంకె 58 కదా, రెట్టింపు వదిలాను, చాలదా అనుకున్నాను. స్విచ్ వేయగానే నీళ్లు జర్రున 120 దాటి డబ్బాలోకి దూకాయి. నేను టేపు పట్టుకుని మట్టం కోసం ట్యూబులో వెతుకుతున్నాను. పది పన్నెండు సెకన్లలో డబ్బా నిండింది. మోటారు గొంతు మారింది, పక్కన ఉన్న గాలి రంధ్రంలోంచి నీలం తుంపర గోడ మీద పడింది. ప్లగ్గు పీకేశాను.

ఇలాంటి డ్రమ్ము రకంలో లాగే గాలి దారి వేరు, మోటారు చుట్టని (రాగి తీగ వైండింగుని) చల్లబరిచే గాలి దారి వేరు. అందువల్ల నీళ్లు ఫ్యాను గూటిలోకే వెళ్లాయి, చుట్టలోకి వెళ్లలేదు. అయినా రెండు రోజులు ఎండలో పెట్టి, మూడో రోజు సందు చివర ఉండే ఎలక్ట్రీషియన్ బాబాయ్‌ని మెగ్గర్ తెమ్మన్నాను. చుట్టలోంచి కరెంటు బయటికి కారుతుందేమో చూసే మీటరు అది, అంకె ఎంత ఎక్కువైతే అంత మంచిది. 500 వోల్టుల దగ్గర 40 మెగోమ్‌లు. "ఒకటి లోపు చూపిస్తే ప్లగ్గు పెట్టమాకు, ఇది పర్లేదు" అన్నాడు. వరదలో తడిసిన ఏ సామానుకైనా మొదట చేయాల్సిన పని ఇదే. నేను దాన్ని మూడో దశలో, అదీ నా చేజేతులా తడిపాక చేశాను.

ఈసారి టబ్బు కింద గచ్చు మీద, మోటారు తల మేడమెట్ల మలుపు మీద. మధ్య ఎత్తు 250 సెంటీమీటర్లు. 17 కిలోపాస్కల్ మోటారు ఎంత లాగినా నీళ్లు అంత ఎత్తు రావు.

మోటారు తల ఒక్కదాని మూత కొలత: 161 సెం.మీ.

173కి 161. ఆరేళ్ల మోటారుకి ఇది మంచి ఆరోగ్యమే. మోటారు దగ్గర 161 ఉన్నది గొట్టం చివరకి వచ్చేసరికి 58 అవుతోంది. 103 సెంటీమీటర్లు దారిలో పోతున్నాయి.

ఇప్పటిదాకా ఖర్చు: 325. కార్బన్లలో 180 వృథా అని ఇప్పుడు రుజువుతో సహా తేలింది.

దశ 4 (నవంబరు 15, 16): పొగతో వెతుకులాట

గాలి కారే చోటు వెతకడానికి అగరుబత్తి చాలు. వ్యాక్యూమ్ నడుస్తుండగా, గొట్టం మూసి, అతుకుల పక్కన అగరుబత్తి మెల్లగా తిప్పాలి. కారుతున్న చోట పొగ నిటారుగా లేవకుండా లోపలికి వంగిపోతుంది. పంఖా ఆపండి. ఆపకుండా మొదటి అరగంట నేను పంఖా గాలినే వెంటాడాను.

మూడు చోట్ల వంగింది.

మొదటిది గొట్టం డ్రమ్ముకి తగిలే కొస. ప్లాస్టిక్ కప్లింగ్‌లోకి గొట్టం దూరే చోట, మడతల సందులో సగం చుట్టు పగిలింది. బయటికి కనపడదు, వంచితేనే నోరు తెరుస్తుంది. వంచినప్పుడల్లా ఈల శ్రుతి మారుతోంది. అంటే మోతల్లో ఒకటైన ఈల మోటారుది కాదు, ఇక్కడిది. దీనికి మూడు వైద్యాలు చేశాను.

1. ఇన్సులేషన్ టేపు, 20 రూపాయలు. సాయంత్రానికి జిగురు జారి, అంచు లోపలికి పీల్చుకుపోయింది.
2. రెండు రంగుల ముద్దలు కలిపి పెట్టే సీలు, 40 రూపాయలు. రాయిలా గట్టిపడింది. గొట్టం వంగుతుంది, రాయి వంగదు. మర్నాడు పొద్దునకి దాని పక్కనే కొత్త పగులు.
3. పగిలిన ముక్క 6 సెంటీమీటర్లు కత్తితో కోసేసి, కప్లింగ్‌ని మంచి భాగానికి మళ్లీ మర తిప్పినట్టు ఎక్కించాను. ఖర్చు లేదు, పావుగంట పని. గొట్టం పొడవు 6 సెంటీమీటర్లు తగ్గింది, ఎవరూ గమనించలేదు.

మూత కొలత: 58 నుంచి 112.

రెండోది డ్రమ్ముకీ తలకీ మధ్య రబ్బరు. గాడిలోంచి రబ్బరు పీకితే, కింద చుట్టూ బూడిద రంగు గీతలా ఒండ్రు గట్టిపడి ఉంది. బుడమేరుది. సంవత్సరం దాటినా తడి తగలగానే అదే వాసన. పాత టూత్‌బ్రష్షుతో గాడంతా గీకి, రబ్బరుని సబ్బు నీళ్లతో కడిగి, తిరగేసి పెట్టాను, ఎందుకంటే ఒకవైపు నొక్కుకుపోయి చదునైంది. మీద పలచగా సిలికాన్ గ్రీజు, 120 రూపాయలు. వాజిలిన్ రాద్దామనుకున్నాను గానీ పెట్రోలియం జాతి గ్రీజు చాలా రకాల రబ్బరుని ఉబ్బించి మెత్తబరుస్తుంది. మీరూ రాయకండి.

మూత కొలత: 149.

మూడోది చిన్నది. రెండు పక్క క్లిప్పుల్లో ఒకటి వదులు. క్లిప్పు కింద సైకిల్ ట్యూబు ముక్క మడిచి పెట్టాను. 156.

కరెంటు ఇప్పుడు తెరిస్తే 5.3, మూస్తే 4.7. ఈల పోయింది. మోటారు దగ్గర ఉన్న 161లో 156 గొట్టం చివరకి చేరుతోంది. పని అయిపోయిందనే అనుకున్నాను.

ఇప్పటిదాకా ఖర్చు: 505.

దశ 5 (నవంబరు 22, 23): 156 ఉన్నా బియ్యపు గింజ కదలదు

అమ్మ వంటింట్లో ఒలికిన బియ్యం ముందు పెట్టి చూసి, "దీనికంటే చీపురు నయం రా" అంది. నిజమే. చిల్లు కొలత తీస్తే 31.

ఇక్కడే ఆగి ఆలోచించాల్సి వచ్చింది. మూత కొలతలో గాలి పారదు. పారని గాలికి అడ్డం ఉన్నా లేకపోయినా ఒకటే. కుళాయి కట్టేసి ఉంటే పైపులో సగం చెత్త ఉన్నా ప్రెషర్ మీటరు పూర్తి ప్రెషరే చూపిస్తుంది కదా, అలాగే. కాబట్టి మూత కొలత కారడాన్నీ మోటారు బలాన్నీ మాత్రమే పట్టిస్తుంది. దారిలో అడ్డం ఉంటే చిల్లు కొలతే చెప్పాలి. 156, 31 అంటే కారడం లేదు, మోటారు బాగుంది, దారి పూడుకుంది.

ఫిల్టరు: మడతల కాగితపు రకం. మడతల నిండా పుట్టీ పొడి. కుళాయి కింద పెట్టి కడిగాను. ఈ మొత్తం పనిలో ఇంతకంటే మూర్ఖత్వం లేదు, నీళ్లు తాగించిన రోజుతో కలిపి చెబుతున్నాను. గోడ పుట్టీలో ఉండేది తెల్ల సిమెంటు. పొడిగా ఉన్నప్పుడు తడితే రాలేది, తడిసేసరికి మడతల్లోకి దిగి ముద్ద కట్టి, ఎండేసరికి బిళ్లలా బిగుసుకుంది. చిల్లు కొలత 31 నుంచి 22కి పడిపోయింది. వేలితో మీటితే ఫిల్టరు అట్టలా మోగింది. కొత్తది 650. పాతదాన్ని పొడిగానే బ్రష్షుతో దులిపి ఉంటే బతికేదేమో.

కొత్తది వచ్చేలోపు, పరీక్ష కోసం మాత్రమే, ఫిల్టరు లేకుండా నడిపాను. చిల్లు కొలత 66. పెరిగింది, కానీ ఫిల్టరే లేనప్పుడు ఇంకా ఎక్కువ రావాలి. పైగా ఇంతకుముందు అప్పుడప్పుడు వినపడే టకటక ఇప్పుడు ఆగకుండా వస్తోంది. గాలి పెరిగితే పెరిగే మోత. అంటే గాలికి ఎగిరేది ఏదో లోపల ఉంది.

ఉన్నది ఫ్లోటు. తడి లాగే యంత్రాల్లో మోటారు దారి కింద చిన్న పంజరంలో ప్లాస్టిక్ బంతి ఉంటుంది. డ్రమ్ము నీళ్లతో నిండితే బంతి తేలి దారి మూసేస్తుంది, నీళ్లు ఫ్యానులోకి వెళ్లవు. నా పంజరం సందులు సగానికి సగం ఒండ్రుతో పూడిపోయాయి. బంతి మధ్యలో ఇరుక్కుంది. గాలి గట్టిగా లాగినప్పుడు కాస్త లేచి దారికి అడ్డం పడి, మళ్లీ పడిపోతోంది. అదే టకటక. పక్కన చిన్న ఆకుపచ్చ గాజు ముక్క కూడా ఇరుక్కుని ఉంది. ఏడిళ్లలో ఎవరింటి గాజో తెలియదు.

నవంబరు 9నే ఇది తట్టాల్సింది. డబ్బా నిండినప్పుడు బంతి లేచి దారి మూయాలి. మూయలేదు కాబట్టే నీళ్లు ఫ్యానులోకి వెళ్లాయి. ఆ రోజు నీలం మరకలు తుడిచే హడావిడిలో ఆ ఆధారాన్ని కూడా తుడిచేశాను.

1. పంజరం రెండు లాకులు నొక్కి కిందికి లాగాను.
2. గోరువెచ్చటి నీళ్లలో రాత్రంతా నానబెట్టాను. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పుల్లలు విరుగుతాయి.
3. పొద్దున టూత్‌బ్రష్షు. బంతి తన బరువుకి తను జారేదాకా.
4. పూర్తిగా ఆరాక బిగించాను.

చిల్లు కొలత, ఫిల్టరు లేకుండా: 97.
కొత్త ఫిల్టరుతో: 88.
ఫిల్టరు మీద పాత నూలు పంచె ముక్క తొడిగి, రబ్బరు బ్యాండు వేస్తే: 81.

ఆ ఏడు సెంటీమీటర్లు వదులుకున్నాను. సన్నటి పొడి ముందు పంచె మీద ఆగుతుంది, విప్పి దులిపితే పోతుంది. ఫిల్టరు 650, పంచె ముక్క ఊరికే. తడి లాగేటప్పుడు మాత్రం పంచె, కాగితం రెండూ తీసేసి స్పాంజి తొడుగే వేయాలి.

టకటక పోయింది. బియ్యం గింజలు గొట్టంలో చిటపటలాడుతూ వెళ్లాయి. అమ్మ ఏమీ అనలేదు, మెచ్చుకున్నట్టే లెక్క.

ఇప్పటిదాకా ఖర్చు: 1,155.

దశ 6 (నవంబరు 29 నుంచి డిసెంబరు 7): గరగర

మిగిలింది ఒక్క మోత. లాగుడు పూర్తిగా బాగుపడ్డాక కూడా గరగర అలాగే ఉంది. మొదట్లో నేనూ, షాపతనూ మోత వల్లే లాగట్లేదని అనుకున్నాం. రెండింటికీ సంబంధమే లేదు.

గరగర ఎవరిదో తేల్చే పరీక్ష సులువు. స్విచ్ ఆపండి. గాలి మోతలు వెంటనే నీరసపడతాయి. బేరింగు మోత మాత్రం ఫ్యాను చివరి చుట్టు దాకా, ఇంకా స్పష్టంగా వినపడుతుంది. నాది తిరగలిలా గరగరమంటూ ఆగింది. పొడవు స్క్రూడ్రైవర్ మొన మోటారు తొడుగు మీద, పిడి చెవి వెనక ఎముక మీద ఆనించి వింటే, ఫ్యాను వైపు బేరింగు దగ్గర మోత ఎక్కువ.

దీనికీ ఒక కొలత పెట్టుకున్నాను: స్విచ్ ఆపాక పూర్తిగా ఆగడానికి పట్టే సమయం. 4 సెకన్లు.

విప్పడం:
1. ప్లగ్గు పీకి, కార్బన్లు ముందు తీయాలి. లేకపోతే ఆర్మేచర్ లాగేటప్పుడు విరుగుతాయి.
2. ఫ్యాను మీది రేకు మూత నొక్కి బిగించి ఉంటుంది. చదును స్క్రూడ్రైవర్‌తో చుట్టూ కొంచెం కొంచెంగా లేపాలి. ఒకేచోట లేపితే వంగుతుంది, మళ్లీ బిగించాక ఫ్యానుకి రాసుకుంటుంది.
3. ఫ్యాను నట్టు. నా మోటారులో ఇది ఎడమ మర. మామూలుగా విప్పే వైపు తిప్పుతూ పది నిమిషాలు బిగించాను. కదలకపోతే బలం పెంచేముందు మర ఎటు ఉందో చూడండి.
4. వాషర్లు, మధ్య ఉంగరం తీసిన వరసలోనే నేల మీద పేర్చి ఫోటో తీసుకోవాలి.

ఫ్యాను వైపు బేరింగులోంచి ఇటుక పొడిలాంటి తుప్పు రాలింది. వరద తర్వాత తడి పూర్తిగా ఆరకుండా అటకెక్కించిన ఫలితం. నేను తాగించిన నీళ్లు కూడా ఓ చెయ్యి వేసి ఉంటాయి. రెండు వైపులా నంబరు 608. లోపల 8, బయట 22, మందం 7 మిల్లీమీటర్లు. పిల్లల స్కేటింగు చక్రాల్లో ఉండేదీ ఇదే సైజు, ఎక్కడైనా దొరుకుతుంది. అదే వచ్చిన చిక్కు.

దగ్గర్లో హార్డ్‌వేర్ కొట్టులో రెండు 120కి ఇచ్చాడు. పక్కలకి నల్ల రబ్బరు సీలు. దుమ్ము వెళ్లదు, ఇంకా మంచిదే అనుకున్నాను. పాతవి ఆటోనగర్ లేత్ షాపులో పుల్లర్‌తో తీయించాను, 100. కొత్తవి ఇంట్లో నేనే సుత్తితో ఎక్కించాను. ఆగే సమయం 5 సెకన్లు మాత్రమే. పది నిమిషాలు నడిపేసరికి కాలిన రబ్బరు వాసన. వేడి చూద్దామని కరోనా నాడు కొన్న నుదుటి థర్మామీటర్ పెడితే 42 దాటాక అంకె చూపించడం మానేసింది. ఏసీ మెకానిక్ దగ్గర ఇన్‌ఫ్రారెడ్ గన్ అరువు తెచ్చి చూస్తే బేరింగు గూడు 94 డిగ్రీలు.

రెండు తప్పులు చేశానని లేత్ షాపు అన్న చెప్పాడు. ఇలాంటి మోటార్లు నిమిషానికి ఇరవై వేల చుట్ల పైన తిరుగుతాయి. రబ్బరు సీలు పెదవి లోపలి రింగుకి రాసుకుంటూ ఉంటుంది, ఆ వేగానికి కాలుతుంది. రాసుకోని రేకు మూతల రకం కావాలి. దాన్ని జెడ్‌జెడ్ అంటారు, దాని పక్కన సీ3 అని ఉంటే ఇంకా మంచిది, వేడికి వ్యాకోచించినా బిగుసుకోకుండా లోపల కాస్త ఎక్కువ సందు ఉంటుంది. ఇక రెండో తప్పు సుత్తి. "బయటి రింగు మీద కొట్టినట్టున్నావు, చూడు" అని నా బేరింగుని వేలి మీద తిప్పాడు. కటకటమని గుంతల్లో పడుతూ తిరిగింది. షాఫ్టు మీదికి ఎక్కించేటప్పుడు దెబ్బ లోపలి రింగు మీదే పడాలి. బయటి రింగు మీద కొడితే ఆ దెబ్బంతా గుండ్ల మీద పడుతుంది. లోపలి రింగుకి సరిపోయే చిన్న బాక్సు స్పానర్ గోటీ పెట్టి అతనే వైస్‌లో నొక్కి ఎక్కించాడు. రెండోసారి పనికి డబ్బు తీసుకోలేదు, నవ్వాడంతే. ఆటోనగర్‌లోనే జెడ్‌జెడ్ సీ3 రెండు, 240.

ఆగే సమయం: 11 సెకన్లు.
పది నిమిషాల తర్వాత గూడు వేడి: 58 డిగ్రీలు.
గరగర: లేదు. మోటారు కూత మాత్రమే.

ఇప్పటిదాకా ఖర్చు: 1,615.

దశ 7 (డిసెంబరు 7, ఆదివారం): లెక్క

228 వోల్టుల దగ్గర, పంచె ముక్కతో:
మూత: 58 నుంచి 158
చిల్లు: 14 నుంచి 82
కరెంటు తెరిస్తే 5.9, మూస్తే 4.6
ఆగే సమయం: 4 నుంచి 11 సెకన్లు

బేరింగులు మార్చాక మూత 2, చిల్లు 1 సెంటీమీటరు పెరిగాయి. టేపు పట్టడంలో తేడా కూడా అంతే ఉంటుంది కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోను.

1,615లో పనికొచ్చినవి: ట్యూబు, క్యాపులు 145, గ్రీజు 120, లేత్ 100, సరైన బేరింగులు 240. మొత్తం 605. మిగతా 1,010లో కార్బన్లు 180, టేపు, ముద్ద కలిపి 60, రబ్బరు బేరింగులు 120, నేను కడిగి చంపిన ఫిల్టరుకి బదులు 650. కార్బన్లు డబ్బాలో దాచాను, ఇంకో పదేళ్లకి అవసరం పడొచ్చు.

2026 జనవరి 10, శనివారం

భోగికి ముందు బూజులు దులిపి, మూడు రోజులు వాడాక మళ్లీ కొలిచాను. మూత 157, చిల్లు 63. పంచె విప్పి మేడ మీద దులిపి వస్తే చిల్లు 80. చిల్లు కొలత 60కి దిగితే పంచె దులపాలని డ్రమ్ము మీద మార్కర్‌తో రాశాను. లెవల్ ట్యూబు మేడమెట్ల పక్కన మేకుకి వేలాడుతోంది.

నిన్న ఎదురింటి పిన్నిగారు అడిగితే ఇచ్చాను. "నీళ్లు లాగొచ్చా బాబూ?" అని అడిగారు. లాగొచ్చు, కాగితపు ఫిల్టరు తీసేయండి, వాడాక కడిగి తడిగానే నాకు ఇచ్చేయండి, ఆరబెట్టే పని నాది అన్నాను.